ఎవరి మాటా అక్కర్లేనిది

మా రేవులో మగాళ్ళు ఇంటికి చుట్టాల్లా వస్తారు. మూడు వారాలు దేశానికి అటు చివర ఆల్బెర్టా చమురు గనుల్లో, రెండు వారాలు ఇక్కడ, మా న్యూఫౌండ్‌లాండ్ దీవిలో. సముద్రంలో కాడ్ చేప అయిపోయాక పడవలు ఒడ్డున బోర్లా పడ్డాయి, మగాళ్ళు విమానాలెక్కారు. వాళ్ళు దిగే రోజున దుప్పట్లు మార్చడాలు, మూస్ దుప్పి మాంసం ఉడకబెట్టడాలు, పిల్లల గంతులు. ఎక్కే రోజున ఏడుపులు. విమానం వెళ్ళిపోయాక ప్రతి ఇంట్లోనూ ఒక ఆడమనిషి హమ్మయ్య అని టీ పెట్టుకుని కూర్చుంటుంది. ఆ మాట ఎవరూ పైకి అనరు. నేనంటున్నాను, నన్నేం చేస్తారో చేసుకోండి.

పిల్లలు పుట్టకుండా వేసుకునే మాత్రలు కూడా మేం ఆ లెక్కనే వాడేవాళ్ళం. మొగుడు ఇంట్లో ఉన్న రెండు వారాలూ రోజుకొకటి. ఆయన విమానమెక్కగానే ఆ అట్ట అల్మారాలో పడేసేవాళ్ళం. ఇంట్లో మనిషే లేనప్పుడు పొయ్యి వెలిగించి ఉంచడం దండగ కదా! అది తప్పని మాకెవరూ చెప్పలేదు, మేమూ ఎవర్నీ అడగలేదు. మా బళ్ళో టీచరమ్మ నవ్వేది, మీ రేవు పిల్లలంతా విమానాల టైంటేబుల్ చూసుకుని పుడతారే అని. మా ఇద్దరు మగపిల్లల తర్వాత డల్సీ అలాగే వచ్చింది.

డల్సీ పుట్టినప్పుడు నేను పోయినంత పనయింది. బీపీ పెరిగి ఫిట్స్ వచ్చాయి. హెలికాప్టర్‌లో పెద్దాసుపత్రికి ఎత్తుకుపోయారు. నాకేమీ గుర్తు లేదు. కళ్ళు తేలేశావే అమ్మాయ్ అని మా అత్తగారు తర్వాత చెప్పింది. నాకు గుర్తున్నదల్లా డాక్టరమ్మ మంచం పక్కన కుర్చీ లాక్కుని కూర్చోవడం. నాకన్నా చిన్నది, నాకన్నా అలిసిపోయి ఉంది. అటు పక్కన మా ఆయన గార్లండ్ నిలబడి ఉన్నాడు.

"వెర్నా, నీ కిడ్నీలు కూడా దెబ్బతిన్నాయి. ఇంకోసారి కడుపొస్తే నిన్ను ఇంటికి పంపిస్తానని మాట ఇవ్వలేను. అర్థమైందా?" అందామె. ఆ తర్వాత మా ఆయన వైపు తిరిగి, "మీకూ అర్థమైందా?" అని అడిగింది. గార్లండ్ తలూపాడు. ఏడ్చాడు కూడా.

అక్కడి నుంచి మొదలయ్యాయి నా తిప్పలు. టౌనులో ఆడవాళ్ళ క్లినిక్‌లో గ్లెనిస్ అనే నర్సు ఉంది. లావుపాటి మనిషి, ఏ మాటైనా నవ్వుతూనే చెబుతుంది. చంటిదాన్ని చంకనేసుకుని వెళ్ళాను.

"నువ్విన్నాళ్ళూ వేసుకున్న మాత్రలు ఇక మర్చిపో తల్లీ. నీ బీపీకి అవి అగ్గికి ఆజ్యమే" అంది గ్లెనిస్. నేను వాటిని వేసుకున్న పద్ధతి వినేసరికి ఆమె నవ్వు ఆగిపోయింది. "రోజూ వేసుకోవాలమ్మా! మొగుడున్నా లేకపోయినా!"

"ఆ సంగతి డల్సీ చెప్పిందిలెండి" అన్నాను.

మరేం వాడమంటారు అని అడిగితే చాలానే చెప్పింది. నేను వేసవిలో పీతల ఫ్యాక్టరీలో పని చేస్తాను. రబ్బరు ఏప్రన్ కట్టుకుని, మంచు నీళ్ళలో పీత కాళ్ళు విరుస్తూ అందరితో పాటు లైన్లో నిలబడాలి. బెల్లు కొడితేగాని బాత్రూంకి పోవడానికి లేదు. గ్లెనిస్ చెప్పిన ప్రతిదాన్నీ నేను ఆ లైన్లో నిలబెట్టి చూసుకున్నాను. లోపల పెట్టే రాగి తీగ ఉంది, కాపర్ టీ. ఏళ్ళ తరబడి పనిచేస్తుంది, బీపీతో గొడవ లేదు, కాకపోతే నెలనెలా రక్తం ఎక్కువ పోవచ్చట. బెల్లు కోసం కాచుకునే చోట అదెలా కుదురుతుంది? చేతిలో చర్మం కింద పెట్టే పుల్ల ఉంది. పీతలు విరిచే చెయ్యి కదా, అది జరిగి గుండెలోకి పోతుందని మా లైన్లో ఒకతె అంది. గ్లెనిస్ అదంతా ఒట్టిదని చెప్పినా నా భయం నాదే. ట్యూబులు ముడివేయించుకుందామంటే నెలల తరబడి కాచుకోవాలి. ఆ తర్వాత బరువులెత్తకూడదు. చంటిదాన్ని ఎవరెత్తుతారు?

మూడు నెలలకోసారి వేసే ఇంజెక్షన్ సంగతి నా పక్కన నిలబడి పనిచేసే ఫిలొమినా చెప్పింది. "ఒసేయ్, దాని జోలికి మాత్రం పోకే. నాకు చిరాకెక్కి ఇల్లు పీకి పందిరేశాను. మా ఆయన పైవారం ఎక్కాల్సిన విమానం ఈ వారమే ఎక్కేశాడు."

"అయితే మంచిగానే పనిచేసిందన్నమాట" అన్నాను. లైన్లో అందరూ విరగబడి నవ్వారు. నాకు మాత్రం నవ్వే ఓపిక కూడా లేదు. ఏది పెట్టించుకున్నా పెట్టించుకునేది నేనే, భరించేది నేనే, భయపడేదీ నేనే. ముగ్గురు పిల్లలు, ఇల్లు, పని, ఆ పైన ఇదొకటి.

మా అత్తగారు మెల్వినా అయితే ఒకటే మాట. "మేం తొమ్మండుగురిని కన్నాం. ఒక్క బిళ్ళ మింగామా? ఈ కాలం పిల్లలకి అన్నీ వేషాలే."

అప్పుడన్నాడు గార్లండ్. ఆదివారం మధ్యాహ్నం, ఉప్పు మాంసం, క్యాబేజీ వడ్డిస్తున్నాను. నా చేతిలోంచి గిన్నె తీసుకుని కింద పెట్టాడు. "నేనే చేయించుకుంటాను వెర్నా. మగాళ్ళది చిన్న ఆపరేషనట, పావుగంట పని. నీ ఒంటి మీద ఇంక ఎవర్నీ చెయ్యి వెయ్యనివ్వను."

నాకు కళ్ళమ్మట నీళ్ళాగలేదు. పెళ్ళయ్యాక నా నెత్తి మీద బరువు ఎవరైనా దించడం అదే మొదలు.

ఆ తర్వాత ఇంటికొచ్చినప్పుడు మూస్ వేట రోజులొచ్చాయి. ఆ తర్వాత కప్పు కారింది. మళ్ళీ వచ్చినప్పుడు మంచు మీద తిరిగే బండి చెడిపోయింది. నేను గుర్తు చేస్తూనే ఉన్నాను, అతను సరే సరే అంటూనే ఉన్నాడు. చివరికి క్రిస్మస్ వెళ్ళాక జనవరిలో ఒక పొద్దున బయల్దేరాడు. ఆపరేషన్ అయ్యాక బండి నడపకూడదని వాళ్ళ పెదనాన్న కొడుకు హెడ్లీ తీసుకెళ్ళాడు.

సాయంత్రం వాపు తగ్గడానికని ఒళ్ళో గడ్డకట్టిన పచ్చిబఠానీల పాకెట్ పెట్టుకుని దిగాడు. కాళ్ళు ఎడం పెట్టి, గోడ పట్టుకుని లోపలికొచ్చాడు. ఇక చూడాలి మా రేవు సంబరం! మా అత్తగారు దిండ్లు పట్టుకొచ్చింది. పక్కింటావిడ ఆపిల్ పై చేసి తెచ్చింది. ఫిలొమినా చేపల పులుసు తెచ్చింది. పాదిరిగారి భార్య కూడా వచ్చి, అతని వంక చూడలేక గోడ గడియారం వంక చూసి మాట్లాడి వెళ్ళింది. అందరిదీ ఒకటే మాట, నీ మొగుడు దేవుడే వెర్నా అని. నేను చచ్చి బతికి ఇంటికొచ్చినప్పుడు ఒక్కరూ టీ కూడా కాచి పెట్టలేదు. అయినా ఏమీ అనుకోలేదు. దిండ్లు సర్దాను, బఠానీలు కరిగితే మార్చాను, సూప్ తాగించాను. చూపించు, ఎలా ఉందో చూస్తాను అంటే మాత్రం ముట్టుకోనివ్వలేదు. సిగ్గుపడుతున్నాడనుకున్నాను.

గ్లెనిస్ ముందే చెప్పింది నాకు. "ఆపరేషన్ అయిపోయింది కదా అని ధీమాగా ఉండొద్దు తల్లీ. మూడు నెలలాగి అతని వీర్యం పరీక్ష చెయ్యాలి. అందులో ఏమీ లేదని తేలేదాకా కండోమ్ తప్పనిసరి. మర్చిపోకు, నువ్వు మాత్రం అస్సలు మర్చిపోకు."

మా రేవులో ఉన్నది ఒకే దుకాణం, అది గార్లండ్ పెద్దమ్మది. అక్కడ కండోమ్‌లు కొంటే నేను ఇల్లు చేరేలోపు రేవంతా చేరుతుంది కబురు. టౌనుకెళ్ళినప్పుడల్లా పాలపొడి డబ్బా కింద దాచి తెచ్చేదాన్ని.

ఫిబ్రవరిలో వచ్చినప్పుడు ఒక మధ్యాహ్నం పిల్లలు వాళ్ళ నాయనమ్మ దగ్గరున్నారు. గార్లండ్ నా భుజం మీద చెయ్యేసి, "ఇంకా ఆ రబ్బరు గోల ఎందుకే? కోయించుకున్నది నేనా, వేరేవాడా?" అన్నాడు.

"పరీక్ష అవనీ."

"హెడ్లీ కూడా కోయించుకున్నాడు, ఏ పరీక్షా చేయించుకోలేదు. వాడికేమైంది?"

"హెడ్లీ పెళ్ళాం చావదు. నేను చస్తాను."

"నన్ను నమ్మవా?" అన్నాడు. గొంతు చిన్నబోయింది. పాపం, నా కోసం అంత బాధ పడ్డాడే, నేనిలా అంటున్నానే అని నా మీద నాకే అసహ్యమేసింది. ఒక్క క్షణం, పోనీలే అనుకున్నాను కూడా. ఎందుకో డాక్టరమ్మ మొహం కళ్ళ ముందు మెదిలింది. కాదన్నాను. అతను రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు నేనే క్షమాపణ చెప్పుకున్నాను. వినండి, నేనే!

ఏప్రిల్‌లో పరీక్ష. ఆపరేషన్ చేసినవాళ్ళు ఇచ్చిన సీసా ఎక్కడో పారేశానన్నాడు. గ్లెనిస్ దగ్గర ఇంకొకటి తెచ్చాను. ఆ సరుకు తీసిన గంటలోపల, ఒంటి వెచ్చదనం పోకుండా ల్యాబుకి చేర్చాలట. మా రేవు నుంచి టౌనుకి రోడ్డు బాగుంటేనే గంటకి పైన పడుతుంది. ఏప్రిల్‌లో రోడ్డు ఎప్పుడు బాగుంది? కాబట్టి టౌను దగ్గరికెళ్ళి కానివ్వాలి. చుట్టాలింట్లో బాత్రూం వాడుకుందామంటే ఏమని అడుగుతాం? చివరికి మా పికప్ ట్రక్కులోనే అని తేల్చాం.

టౌను పొలిమేరలో పాత చర్చి వెనక ట్రక్కు ఆపాం. పొగమంచు ముంచుకొచ్చి సముద్రం కనబడటం లేదు. ఎవరైనా వస్తే దగ్గుతానని చెప్పి, ట్రక్కుకి వీపు పెట్టి కాపలా నిలబడ్డాను. ముగ్గురు పిల్లల తల్లిని, చర్చి వెనక, ఈ పనికి కాపలా! నాకే నవ్వొచ్చింది. నవ్వుకుంటూ చలికి గెంతుతూ ఎంతసేపున్నానో తెలీదు. ఎంతకీ పిలుపు రాలేదు.

"అయిందా?" అని అరిచాను.

అద్దం దిగింది. "లోపలికి రా వెర్నా. చలి."

ఎక్కి కూర్చున్నాను. సీసా ఖాళీగా అతని చేతిలో ఉంది. మూత కూడా తియ్యలేదు.

"ఏం, భయమేస్తోందా? కాసేపాగి చూడు" అన్నాను.

"అది కాదు. ఇవ్వడం దండగ."

"ఎందుకు దండగ?"

"నేను చేయించుకోలేదు."

నాకర్థం కాలేదు. నిజంగానే అర్థం కాలేదు. "ఏమిటి చేయించుకోనిది?" అన్నాను.

అప్పుడు చెప్పాడు. హెడ్లీ అతన్ని దింపేసి మంచు బండి సామాన్లు కొనడానికి వెళ్ళాడట. గార్లండ్ తలుపు దాకా వెళ్ళాడు. లోపల్నుంచి ఆసుపత్రి వాసన వచ్చిందట. నన్ను స్ట్రెచర్ మీద తోసుకెళ్ళిన రోజు గుర్తొచ్చిందట. కాళ్ళు కదల్లేదట. తిరిగి వెళ్ళి కాఫీ కొట్లో కూర్చున్నాడు. హెడ్లీ వచ్చే టైముకి పక్క దుకాణంలో బఠానీలు కొని తలుపు దగ్గర నిలబడ్డాడు.

"మరునాడే చెబుదామనుకున్నాను వెర్నా. ఒట్టు. ఈలోపు అమ్మ దిండ్లు తెచ్చింది. ఆ వంటలు, అవీ... ఎలా చెప్పను?" అన్నాడు. అతను ఏడుస్తున్నాడు.

నేను కేకలేస్తానని మీరనుకుంటారు. నేనూ అనుకున్నాను. ఒంట్లో ఓపిక లేదు. ఒక్కటే అడిగాను.

"ఫిబ్రవరిలో, ఆ మధ్యాహ్నం, నన్ను నమ్మవా అన్నావు. నేను సరే అని ఉంటే?"

స్టీరింగ్ వంక చూస్తూ కూర్చున్నాడు.

"అడుగుతున్నాను గార్లండ్. సరే అని ఉంటే?"

"ఏం కాదులే అనుకున్నాను" అన్నాడు.

డాక్టరమ్మ చెప్పినప్పుడు నా పక్కనే నిలబడి తలూపినవాడు. భయపడ్డాడంటే అర్థం చేసుకోగలను. నాకు మాత్రం భయం లేదా? కానీ నా ప్రాణం పోవచ్చని తెలిసి తెలిసి, నన్ను నమ్మవా అని నా చేతే క్షమాపణ చెప్పించుకున్నాడే, అది అర్థం చేసుకోలేకపోయాను. ఇప్పటికీ అంతే.

"దిగి ఇటు రా. నేను నడుపుతాను" అన్నాను.

నేరుగా గ్లెనిస్ దగ్గరికి పోయాను. అపాయింట్‌మెంట్ లేదు. పొగమంచుకి భయపడి ఎవరో రాలేదట, అది నా అదృష్టం. సీసా ఏదని అడిగింది. లేదన్నాను. నా మొహం చూసి ఇంకేమీ అడక్కుండా తలుపు వేసింది.

"కాపర్ టీ పెట్టేయండి" అన్నాను.

"పోయినసారి వద్దంటే వద్దన్నావుగా? రక్తం పోతుంది, లైన్లో నిలబడలేనన్నావు."

"పోతే పోనివ్వండి. నాలుగు ప్యాడ్లు ఎక్కువ కట్టుకుంటాను. బెల్లు కొట్టకపోయినా పోతాను, పనిలోంచి తీసేస్తే తీసేస్తారు. ఒక్క మాట చెప్పండి గ్లెనిస్. అది పనిచెయ్యాలంటే ఎవరి మాటైనా నమ్మాల్సి ఉంటుందా?"

"లేదు తల్లీ. ఎవరి మాటా అక్కర్లేదు."

"అయితే అదే."

ముందు కడుపు లేదని పరీక్ష చేసింది. కండోమ్ వాడుతూనే ఉన్నాం, తెలుసు, అయినా ఆ చీటీ రంగు తేలేదాకా నా గుండె గుండెలో లేదు. లేదని తేలింది. తర్వాత పెట్టింది. కొంచెం నొప్పిగా ఉంటుందంది. కొంచెం! నా పళ్ళు పటపటలాడాయి. చెయ్యి ఇవ్వనా, మీ ఆయన్ని పిలవనా అని అడిగింది. పిలవొద్దన్నాను.

తిరుగు దారిలో గార్లండ్ నడిపాడు. నేను కాళ్ళు ముడుచుకుని తలుపుకి ఒరిగి పడుకున్నాను. రేవు కనబడుతుండగా అన్నాడు, "అమ్మకి చెప్పకు వెర్నా. ఎవరికీ చెప్పకు. తల ఎత్తుకోలేను."

"నేను చెప్పను. నువ్వే చెబుతావు. ఇప్పుడే, పిల్లల్ని తీసుకురావడానికి లోపలికి వెళ్ళినప్పుడు" అన్నాను.

"ఇప్పుడా?"

"చెప్పకుండా బయటికొస్తే నేను ఇంటికి నడిచి పోతాను. ఈ నొప్పితోనే. అందరూ చూస్తారు, ఎందుకని అడుగుతారు."

వెళ్ళాడు. చాలాసేపు ఎవరూ రాలేదు. మా అత్తగారికి కొడుకంటే ఎంతో నాకు తెలుసు. నా కొడుకుని తాళ్ళతో కట్టి ఆసుపత్రికి పంపాలని చూశావా అని మీద పడుతుందని కాచుకుని కూర్చున్నాను. పడితే పడనీ అనుకున్నాను.

తలుపు తెరుచుకుంది. ఆవిడే వచ్చింది, కోటు లేకుండా, ఇంట్లో తొడుక్కునే చెప్పులతో, బురద మంచులో. ట్రక్కు తలుపు తీసింది.

"జరుగు" అంది.

జరిగాను. పైకెక్కి నా పక్కన కూర్చుని తలుపు వేసుకుంది. రేవు వైపు చూస్తూ కూర్చుంది. మంచు గడ్డలు తేలుతున్నాయి.

"నొప్పిగా ఉందా?"

"ఉందత్తయ్యా."

చెప్పులకంటిన బురద మంచు దులుపుకుంది. తర్వాత ఎవరికో చెబుతున్నట్టుగా మొదలుపెట్టింది. "మీ మావగారి పడవ కనబడగానే రేవంతా పరిగెత్తేది. నేనూ పరిగెత్తేదాన్ని, చంకలో ఒకడు, కడుపులో ఒకడు. తుఫానులోంచి మనిషి తిరిగొస్తుంటే ఎవరికైనా సంతోషమే కదా. నేను మాత్రం, దేవుడా, ఇంకొక్క రాత్రి ఆలస్యంగా పంపితే నీ సొమ్మేం పోయేది అనుకుంటూ పరిగెత్తేదాన్ని."

ఆవిడ నోటి నుంచి ఆ మాట వింటానని నేను కలలో కూడా అనుకోలేదు. "ఎవరితోనైనా అన్నారా ఎప్పుడైనా?" అని అడిగాను.

"ఎవరితో అంటాను? ఆయన మంచివాడే కదా. కొట్టాడా, తిట్టాడా?"

లోపల్నుంచి గార్లండ్ డల్సీని ఎత్తుకుని వస్తున్నాడు. దాని టోపీ జారిపోతుంటే ఆగి సరిచేశాడు. వెనకాల మగపిల్లలిద్దరూ అతని కోటు పట్టుకుని వేలాడుతున్నారు.

"గార్లండ్ కూడా మంచివాడే అత్తయ్యా" అన్నాను.

"అవునే అమ్మాయ్" అందావిడ. "అదే కదా మన ఖర్మ."